ఓడ జాబితాలో లేని అమ్మమ్మ

కూతురి పురిటికని అమెరికా వెళ్ళిన తల్లులకి సాధారణంగా రెండే కాలక్షేపాలు. పసిదాన్ని ఒళ్ళో వేసుకుని జోకొట్టడం, కిటికీలోంచి మనిషి కనపడని రోడ్డు వంక చూడటం. నా అదృష్టం కొద్దీ నాకు మూడోది కూడా దొరికింది. మా అమ్మాయి వుండేది పెన్సిల్వేనియాలో. వాళ్ళ పక్కింటావిడకి డెబ్బై అయిదేళ్ళుంటాయి. భర్త పోయారు, పిల్లలు ఎక్కడెక్కడో వున్నారు. మనవరాలు పుట్టిందని తెలిసి, చెరకు పాకంతో చేసిన షూఫ్లై పై అనే పిండివంట పట్టుకుని వచ్చింది. మర్నాడు నేను గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని రవ్వలడ్డూలు పెట్టి ఇచ్చాను. అంతే, స్నేహం కలిసింది. ఆవిడ మాటలు నాకు సగం, నా మాటలు ఆవిడకి సగం అర్థమయ్యేవి. ఇద్దరు ఆడవాళ్ళకి అది చాలదూ!

ఆవిడ వంటింటి బల్ల మీద ఎప్పుడూ కంప్యూటరూ, కాగితాల కట్టలూ. "ఏమిటండీ ఇవన్నీ?" అంటే, "మా అమ్మమ్మని వెతుకుతున్నాను" అంది. నేను గాభరా పడ్డాను. డెబ్బై అయిదేళ్ళావిడకి అమ్మమ్మ ఏమిటి, తప్పిపోవడం ఏమిటి! తీరా విషయమేమిటంటే, ఆ అమ్మమ్మ ఇప్పటిది కాదు. అమెరికా ఇంకా ఇంగ్లీషు రాజు చేతిలో వున్నప్పుడు జర్మనీ నుంచి ఓడలో వచ్చిన చిన్న పిల్ల. ఎనిమిది తరాల వెనకటి మనిషి.

"మీకు ఎన్ని తరాలు తెలుసు?" అని అడిగింది ఆవిడ. తద్దినాల్లో మూడు తరాల పేర్లు చెబుతారని గొప్పగా చెప్పాను. నాలుగో తరం అడిగితే పురోహితుడి మొహం చూస్తామన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ చెప్పిందీ, ఆవిడ ఇచ్చిన పుస్తకాల్లో నేను చదివిందీ కలిపి మీకు చెబుతాను.

జర్మన్లు అమెరికాలో ఒక వూరుగా స్థిరపడటం 1683లో మొదలయింది. దానికి రెండేళ్ళ ముందు, 1681లో, ఇంగ్లండు రాజు రెండో ఛార్లెస్ విలియం పెన్ అనే క్వేకరు మతస్థుడికి బోలెడు అడవి రాసిచ్చాడు. అదే పెన్సిల్వేనియా. ఎవరి మతం వారు చూసుకోవచ్చు, రండి అని పెన్ కబురు పెట్టాడు. సొంత వూళ్ళో మతం పేరిట మాటలు పడుతున్న వాళ్ళకి అంతకంటె ఏం కావాలి? 1683 ఆగస్టులో పాస్టోరియస్ అనే లాయరు ముందుగా వచ్చాడు. అక్టోబరు 6న కాంకర్డ్ అనే ఓడలో క్రెఫెల్డ్ వూరి నుంచి 13 కుటుంబాలు దిగాయి. ఎక్కువమంది మగ్గం నేసుకునే వాళ్ళు. ఫిలడెల్ఫియా పక్కనే వాళ్ళు కట్టుకున్న వూరు జర్మన్ టౌన్. అయిదేళ్ళు తిరక్కుండానే, 1688లో, ఆ వూరి వాళ్ళు నలుగురు బానిసత్వం తప్పని కాగితం మీద పెట్టి సంతకాలు చేశారు. ఇంగ్లీషు వలసల్లో బానిసత్వానికి వ్యతిరేకంగా వ్రాతలో వచ్చిన మొదటి నిరసన అదేనంటారు. ఆ కాగితాన్ని పెద్దలు పక్కన పెట్టేశారు. అది మళ్ళీ బయటపడింది 1844లో!

అసలు వరద ఆ తర్వాత వచ్చింది. రైన్ నదికి అటూ ఇటూ వున్న పాలటినేట్ సీమని ఫ్రెంచి సైన్యాలు పదే పదే తగలబెట్టాయి. హైడెల్‌బర్గ్, వర్మ్స్, స్పేయర్ లాంటి పట్టణాలు బూడిదయ్యాయి. పైగా 1709 చలికాలం యూరప్ అంతా ఎరగనంత ఘోరమైన చలి. ద్రాక్షతోటలు మాడిపోయాయి. ఆ సమయంలోనే అమెరికాని పొగుడుతూ ఒక పుస్తకం చేతులు మారింది. దాని పేరు పేజీ బంగారు అక్షరాలతో వుండటం వల్ల జనం దాన్ని బంగారు పుస్తకం అనేవారట. ఇంగ్లండు రాణి ఆన్ ఓడలిచ్చి పంపిస్తుందని పుకారు. అంతే, ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 13 వేలమంది మూటా ముల్లే కట్టుకుని లండన్‌లో దిగారు. పాపం, రాణిగారికే దిక్కు తోచలేదు. బయలులో గుడారాలు వేయించింది. వాళ్ళలో సుమారు 3 వేల మందిని 1710లో న్యూయార్కు పంపించారు, పడవలకి వాడే తారు తయారు చేయమని. తారూ రాలేదు, వాళ్ళకిస్తామన్న భూమీ సరిగ్గా దక్కలేదు. ఆ ఓడల్లో వచ్చిన పదమూడేళ్ళ పిల్లాడు కోన్రాడ్ వైజర్. తండ్రి వాణ్ణి మోహాక్ ఆదివాసుల దగ్గర వుంచితే వాళ్ళ భాష నేర్చుకున్నాడు. పెద్దయ్యాక తెల్లవాళ్ళకీ ఆదివాసులకీ మధ్య పేరు మోసిన దుబాసీ అయ్యాడు.

"మరి మీ అమ్మమ్మ వీళ్ళతోనే వచ్చిందా?" అన్నాను.

"కాదు. ఆ తర్వాత యాభై ఏళ్ళకి, అమెరికా విప్లవానికి ఓ పదేళ్ళ ముందు" అంది ఆవిడ.

ఇక్కడే చిక్కు మొదలయింది. ఇంతమంది జర్మన్లు దిగుతుంటే పెన్సిల్వేనియా దొరలకి భయం వేసింది. వీళ్ళు రాజుగారికి విధేయులో కాదో అని 1727లో ఒక రూలు పెట్టారు. ఓడ దిగిన ప్రతి పరాయి మగవాడూ, పదహారేళ్ళు దాటినవాడైతే, ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అప్పటి నుంచి 1775 దాకా 324 ఓడల జాబితాలు దొరికాయి. వాటిని 1934లో మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. జర్మన్ వంశాలు వెతుక్కునే వాళ్ళకి ఆ పుస్తకాలే భాగవతం, రామాయణం.

మగవాడు, పదహారు దాటినవాడు. విన్నారు కదా? భార్య పక్కనే నిలబడి వుంటుంది, చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇంకో పిల్లాడు. గుమాస్తా వాళ్ళని కన్నెత్తి చూడడు. ఏ కొద్దిమంది కెప్టెన్లో తమ లెక్క కోసం ఆడవాళ్ళ పేర్లు కూడా రాసుకున్నారు గానీ, మిగతా జాబితాల్లో ఆడవాళ్ళే లేరు. ఆ మూడు సంపుటాలూ చదివినవాడికి మగవాళ్ళు మాత్రమే సముద్రం దాటి వచ్చి, పిల్లల్ని కూడా వాళ్ళే కన్నారేమో అనిపిస్తుంది!

పోనీ ఆ మగవాళ్ళ పేర్లయినా తిన్నగా వున్నాయా అంటే అదీ లేదు. వ్రాసేవాడు ఇంగ్లీషువాడు, చెప్పేవాడు జర్మన్. చెవికి ఎలా వినపడితే అలా వ్రాశాడు. సంతకం రానివాడు ఒక గీత గీశాడు. తర్వాత తరాల్లో ముల్లర్ మిల్లరయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు, హూబర్ హూవరయ్యాడు. త్సిమ్మర్‌మన్ అంటే వడ్రంగి కనక కొందరు ఏకంగా కార్పెంటర్ అని మార్చేసుకున్నారు. 1741లో వచ్చిన ఐసెన్‌హవర్ వంశంలోనే తర్వాత ఐసెన్‌హోవర్ ప్రెసిడెంటు పుట్టాడు.

అసలు పేర్లు కూడా తికమకే. ఒక ఇంట్లో నలుగురు కొడుకులుంటే నలుగురికీ మొదట యోహాన్ అని పెట్టేవారు. యోహాన్ పీటర్, యోహాన్ యాకబ్, యోహాన్ ఆడమ్... పిలిచేది రెండో పేరుతో. ఆడపిల్లలయితే అన్నా, లేకపోతే మరియా. ఇంటిపేరు చివర ఆడవాళ్ళకి 'ఇన్' చేర్చేవారు. వేబర్ గారి అమ్మాయి వేబరిన్ అన్నమాట. తెలియక ఎంతమంది అది వేరే ఇంటిపేరనుకుని తప్పుదోవ పట్టారో!

పక్కింటావిడ వెతికే అమ్మమ్మ గురించి వాళ్ళింట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒక్కటే. అమ్మా నాన్నా ఓడలో పోయారు, పిల్ల ఒక్కతే దిగింది, ఎవరింట్లోనో పని చేసి పెద్దదయింది. అంతకు మించి తెలియదు. పుట్టింటి పేరు కూడా తెలియదు. తండ్రి దిగి సంతకం పెట్టలేదు కనక జాబితాలో ఆయనా లేడు. మొత్తం కుటుంబమే కాగితం మీద లేకుండా పోయింది.

ఆ ఓడ ప్రయాణం ఎలా వుండేదో మిట్టెల్‌బెర్గర్ అనే ఆయన వ్రాశాడు. 1750లో ఫిలడెల్ఫియాకి వచ్చి, 1754లో తిరిగి వెళ్ళిపోయి, రాబోయే వాళ్ళని హెచ్చరించడానికి పుస్తకం వేశాడు. హైల్‌బ్రాన్ నుంచి హాలెండు దాకా రైన్ మీద 36 సుంకం ఠాణాలట. ప్రతిచోటా పడవ ఆగాలి, ఆగినప్పుడల్లా ఖర్చు. చేతిలో వున్న డబ్బు సముద్రం చూడకముందే అయిపోయేది. తర్వాత ఓడలో ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. కుళ్ళిన నీళ్ళు, పురుగులు పట్టిన రొట్టె, జ్వరాలు. ఆయన వచ్చిన ఓడలోనే 32 మంది పిల్లలు చనిపోయారని వ్రాశాడు. అది చదివిన రాత్రి మనవరాల్ని పక్కలోంచి ఉయ్యాల్లోకి మార్చడానికి నాకు చేతులు రాలేదు.

ఓడ ఛార్జీ ఇచ్చుకోలేని వాళ్ళు దిగాక అమ్ముడుపోవాలి. అవును, ఆ మాటే. కొనుక్కునే వాళ్ళు ఓడలోకే వచ్చి, మనిషిని చూసి, బాకీ కట్టి, ఇన్నేళ్ళు పని చెయ్యాలని పత్రం వ్రాయించుకునేవారు. పెద్దవాళ్ళకి మూడు నుంచి ఆరేళ్ళు. పిల్లలకయితే ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా. తల్లిదండ్రులు తమ బాకీ తీరడానికి పిల్లల్ని అప్పగించి, వాళ్ళు ఏ వూరు వెళుతున్నారో కూడా తెలియకుండా విడిపోయేవారు. సగం దారి దాటాక భర్త పోతే ఆ ఛార్జీ కూడా భార్యే తీర్చాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే? ముగ్గురి ఛార్జీ ఆ పసిపిల్ల నెత్తినే పడేది. గడువు తీరి వెళ్ళేటప్పుడు కొత్త బట్టలిచ్చేవారు. ముందే మాట్లాడుకుని వుంటే మగవాడికి గుర్రం, ఆడదానికి ఆవు. ఈ ఘోరాలు చూడలేకే ఫిలడెల్ఫియాలో స్థిరపడిన జర్మన్లు 1764లో ఒక సంఘం పెట్టి, కొత్తగా వచ్చిన వాళ్ళకి సాయం చేయడం మొదలుపెట్టారు.

"ఇక ఆ పిల్ల ఎక్కడ దొరుకుతుంది?" అన్నాను నిరాశగా.

"ఆడవాళ్ళు గవర్నమెంటు కాగితాల్లో వుండరు. చర్చి పుస్తకాల్లో వుంటారు" అంది ఆవిడ నవ్వి.

చర్చి పుస్తకాలంటే ఒక చిన్న కథ చెప్పాలి. జర్మనీలో హాలె నగరంలో ఫ్రాంకె అనే ఆయన పెట్టిన పెద్ద అనాథ శరణాలయం, బడి, అచ్చాఫీసు వుండేవి. పెన్సిల్వేనియా లూథరన్లకి పాస్టరు లేడని 1742లో అక్కడి నుంచే మ్యూలెన్‌బర్గ్ అనే ఆయన్ని పంపారు. ఆయన గుర్రమెక్కి వూరూరూ తిరిగి, పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ చేయించి, అన్నీ పుస్తకాల్లోకి ఎక్కించాడు. ఇందాక చెప్పిన దుబాసీ వైజర్ గారి అమ్మాయినే 1745లో పెళ్ళాడాడు. వాళ్ళబ్బాయి ఒకాయన 1789లో అమెరికా ప్రతినిధుల సభకి మొట్టమొదటి స్పీకరు.

సరిగ్గా ఆ హాలె నగరం పేరు వినగానే నాకు ఏదో గుర్తొచ్చింది. మన మద్రాసులో పని చేసి తెలుగు నేర్చుకుని, తెలుగు వ్యాకరణం వ్రాసిన బెంజమిన్ షుల్జ్ కూడా హాలె పంపిన మనిషే! ఆయన తిరిగి వెళ్ళాక, 1746లో, ఆ హాలెలోనే తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వాటినే చెప్పుకుంటారు. ఒకే వాకిట్లోంచి ఒకాయన గోదారి, కృష్ణ వాళ్ళ భాష కోసం తూర్పుకీ, ఇంకొకాయన పెన్సిల్వేనియా రైతుల కోసం పడమరకీ వెళ్ళారన్నమాట. ఈ సంగతి చెబితే పక్కింటావిడ లేచి వచ్చి నన్ను కావలించుకుంది. "అయితే మనం చుట్టాలమే" అంది.

బాప్తిస్మం పుస్తకంలో బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు వుంటాయి. బిడ్డకి చాలాసార్లు వాళ్ళ పేరే పెట్టేవారు. వాళ్ళు తరచు మేనత్తో, పిన్నో, మేనమామో అయ్యేవారు. కనక ఆ పేర్లు పట్టుకుని పుట్టింటి దారి వెతకొచ్చు. ఆవిడ అలా వెతికి అమ్మమ్మని ఒక చర్చి పుస్తకంలో పట్టుకుంది. కానీ ఏముంది? భర్త పేరు పూర్తిగా వుంది. తర్వాత 'అతని భార్య అన్నా మరియా'. అంతే! ఆ రోజుల్లో రాయి విసిరితే ఒక అన్నా మరియాకి తగులుతుంది.

జనాభా లెక్కలు చూద్దామా అంటే, 1790లో జరిగిన మొదటి లెక్కలో ఇంటి యజమాని పేరు ఒక్కటే వ్రాశారు. ఇంట్లో ఆడవాళ్ళు ఒక అంకె. ముగ్గురుంటే 3. ఇంటిల్లిపాదిలో స్వతంత్రులైన వాళ్ళందరి పేర్లూ వ్రాయడం 1850లో గానీ మొదలు కాలేదు.

చివరికి ఆమె ఎక్కడ దొరికిందో తెలుసా? సైన్యం కాగితాల్లో!

పెన్సిల్వేనియా జర్మన్లకి ఒక ముచ్చట వుండేది. బిడ్డ పుట్టి బాప్తిస్మం అయ్యాక ఒక అందమైన పత్రం వ్రాయించేవారు. దాన్ని టౌఫ్‌షైన్ అంటారు. చుట్టూ చిలకలూ, తులిప్ పువ్వులూ, హృదయాలూ రంగుల్లో వేసి, నడుమ బిడ్డ వివరాలు వ్రాసేవారు. మన ముగ్గులు గుర్తొస్తాయి చూస్తే. దాన్ని గోడకి తగిలించుకోవడం కంటె, సారెపెట్టె మూత లోపల అంటించుకోవడమో, బైబిల్లో దాచుకోవడమో ఎక్కువ. తల్లి పేరు దగ్గర 'పుట్టినింటి పేరు ఫలానా' అని వ్రాయడం ఆ పత్రాల్లో ఆనవాయితీ. చర్చి పుస్తకం మరిచిపోయినది చిలకల పత్రం గుర్తు పెట్టుకునేది.

అమ్మమ్మ భర్త విప్లవ యుద్ధంలో సిపాయి. ఆయన పోయాక, 1838లో, అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 1794కి ముందు పెళ్ళయిన సిపాయిల వితంతువులకి పెన్షన్ ఇస్తామని. ఇస్తాం గానీ, పెళ్ళయినట్టు రుజువేదీ? ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఎక్కడి నుంచి తెస్తుంది రుజువు? పెళ్ళి చేయించిన పాస్టరు ఎప్పుడో పోయాడు. సాక్షులు పోయారు. అప్పుడు ఆ వితంతువులు ఎంతోమంది ఏం చేశారంటే, బైబిల్లో పిల్లల పుట్టిన తేదీలు వ్రాసుకున్న పేజీ చింపి, పెట్టెలోని చిలకల పత్రం వూడదీసి, దరఖాస్తుకి జతచేసి వాషింగ్టన్‌కి పంపేశారు. అవి తిరిగి రాలేదు. ఫైళ్ళలో వుండిపోయాయి. వుండిపోవడం వల్లే మిగిలాయి. ఇవాళ నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా వున్నాయి. ఇంట్లో వుండుంటే ఏ మంటకో, చెదకో ఆహుతయ్యేవేమో.

ఒక మధ్యాహ్నం పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. కంప్యూటర్ మీద ఆ ఫైలు వుంది. ముందు దరఖాస్తు. కింద సంతకం చెయ్యాల్సిన చోట వణుకుతున్న ఒక గుణకారపు గుర్తు. చదువు చెప్పించే వాళ్ళెవరు, ముగ్గురి బాకీ మోసిన పిల్లకి! ఆ తర్వాత పేజీలో మడతలు పడి వెలిసిపోయిన రంగుల పత్రం. రెండు చిలకలు, ఒక హృదయం. పెద్ద కొడుకు పుట్టిన తేదీ. తండ్రి పేరు. తల్లి అన్నా మరియా, పుట్టినింటి పేరు...

ఆ పేరు ఇక్కడ వ్రాయను. అది వాళ్ళింటి సొత్తు. ఆవిడ మాత్రం ఆ పేరుని పది సార్లు పైకి చదివింది. జర్మన్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, ఆ తర్వాత ఏడుస్తూ.

"పెన్షన్ వచ్చిందా?" అని అడిగాను. లౌక్యం తెలిసిన ఆడదాన్ని కదా, ముందు అదే తోచింది.

"వచ్చింది" అంది కళ్ళు తుడుచుకుంటూ. నాకు ఎందుకో చాలా తృప్తిగా అనిపించింది.

లెక్క వేసి చూడండి. పది తరాలు వెనక్కి వెళితే మనకి ఆ తరంలో 1024 మంది తాతమ్మలూ ముత్తాతలూ వుంటారు. ఇంటిపేరు పట్టుకుని వెళితే అందులో దొరికేది ఒకే ఒక్క మగవాడు. మిగతా 1023 మంది మనలో లేరా? మన ముక్కు, మన గొంతు, మన మొండితనం వాళ్ళలో ఎవరిదో! ఇప్పుడు సైన్సు వాళ్ళు చెబుతున్నారు, తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చినా, తర్వాతి తరాలకి కూతుళ్ళ ద్వారా మాత్రమే దిగే ఒక గుర్తు మన ఒంట్లోని కణాల్లో వుంటుందని. ఏ గుమాస్తా వ్రాయకపోయినా అది వుంటుంది.

నేను తిరిగి వచ్చేసే రోజున ఆవిడ కొత్త పని మొదలుపెట్టేసింది. పుట్టింటి పేరు దొరికింది కనక, ఇక జర్మనీలో ఆ పిల్ల బాప్తిస్మం అయిన వూరి చర్చి పుస్తకం వెతకాలి. కొన్ని వూళ్ళ పాస్టర్లు వూరొదిలి వెళ్ళిన కుటుంబం పేరు పక్కన 'అమెరికాకి వెళ్ళారు' అని ఒక ముక్క వ్రాసి పెట్టేవారట. ఆ ముక్క కోసం ఇంకో పదేళ్ళయినా వెతుకుతానంది. వెతుకుతుంది కూడా.

ఇంటికి రాగానే నేను మా అమ్మకి ఫోను చేశాను. ఆమెకి తొంభై దగ్గరపడింది. "అమ్మా, మీ అమ్మమ్మ పేరేమిటి? ఆమె పుట్టినింటి పేరేమిటి?" అన్నాను. "ఇప్పుడెందుకే ఆ గోల?" అని విసుక్కుంటూనే చెప్పింది. పేరు చెప్పింది, వూరు చెప్పింది, ఆమె చేతి పులిహోర సంగతి కూడా చెప్పింది. ఒక నోటు పుస్తకం తీసి అన్నీ వ్రాసుకున్నాను. మనవరాలి పేరు కింద, వాళ్ళమ్మ, వాళ్ళ అమ్మమ్మనైన నేను, మా అమ్మ, మా అమ్మమ్మ, మా అమ్మ వాళ్ళ అమ్మమ్మ. ఆరుగురు ఆడవాళ్ళు ఒకే పేజీలో ఒకరి కింద ఒకరు కూర్చున్నారు.

పక్కన చిలకల బొమ్మ వెయ్యడం నాకు రాదు. అందుకని నాలుగు చుక్కలు పెట్టి, చిన్న ముగ్గు వేశాను.